ఆఫ్ చేసినా ఆగని సెంట్రల్ హీటింగ్: వేడిని అడుగుతున్నదెవరు?

గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను కిందికి తిప్పేశారు, టైమర్ ఆఫ్‌లో ఉంది, అయినా రేడియేటర్లు చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నాయి. బాయిలర్‌తో ఇల్లంతా వెచ్చబరిచే సెంట్రల్ హీటింగ్ వెలగకపోతే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు, ఆ పూటే మెకానిక్‌కి ఫోన్ వెళ్తుంది. ఆగకపోతే మాత్రం కిటికీలు తెరిచి కొన్నాళ్లు నెట్టుకొస్తారు. బిల్లు చేతికొచ్చాక గానీ టెన్షన్ మొదలవదు. అప్పుడు మొదటి అనుమానం గోడ మీది థర్మోస్టాట్ మీదికే పోతుంది. కొత్తది కొని బిగిస్తారు. హీటింగ్ మాత్రం ఎప్పటిలాగే నడుస్తూ ఉంటుంది.

ఇలా జరగడానికి కారణం ఈ ఏర్పాటు తీరులోనే ఉంది. నీళ్లు కాచి రేడియేటర్లకు పంపే మామూలు సిస్టమ్‌లో ‘ఇక ఆగు’ అని బాయిలర్‌కు చెప్పే వైరు విడిగా ఏదీ ఉండదు. ఉండేదల్లా ‘వేడి కావాలి’ అనే సంకేతం ఒక్కటే. టైమర్, థర్మోస్టాట్, నీళ్ల దారిని తెరిచి మూసే మోటారు వాల్వ్ ఒకదాని తర్వాత ఒకటి ఆ సంకేతాన్ని ముందుకు అందిస్తాయి. మధ్యలో ఎక్కడ తెగినా బాయిలర్ ఆగిపోతుంది. అందుకే ఆగని హీటింగ్ విషయంలో తేల్చుకోవాల్సినవి రెండే. ఆ సంకేతం ఇంకా ఎక్కడినుంచో వస్తోందా? లేక సంకేతం లేకపోయినా వేడినీళ్లు ఏదో దారిన రేడియేటర్లలోకి చేరుతున్నాయా? మొదటిది కరెంటు వైపు లోపం, రెండోది నీళ్ల వైపు లోపం. ఈ రెండింటినీ విడదీయకుండా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే ఖర్చు తప్ప ఫలితం ఉండదు.

అన్నీ ఆపేసి చూడటం

విడదీయడానికి పనిముట్లు అక్కర్లేదు. టైమర్‌లో హీటింగ్‌నూ, హాట్ వాటర్‌నూ రెండింటినీ ఆఫ్ చేయాలి. థర్మోస్టాట్‌ను అన్నిటికన్నా తక్కువకు దించాలి. తర్వాత ఒక పావుగంట ఏమీ ముట్టుకోకుండా ఆగాలి. ఎందుకంటే చాలా బాయిలర్లలో మంట ఆరాక కూడా పంపు కొన్ని నిమిషాలు తిరుగుతుంది. లోపల మిగిలిన వేడిని నీళ్లతో బయటికి లాగేయడానికి కావాలనే అలా పెడతారు. ఆఫ్ చేసిన మరుక్షణం పైపుల్లో చప్పుడు విని సిస్టమ్ పాడైందనుకునేవాళ్లు చాలామంది.

పావుగంట తర్వాత గమనించాల్సినవి మూడు: మంట వెలుగుతోందా, పంపు తిరుగుతోందా, ఏ పైపు వేడిగా ఉంది. మంట సంగతి బాయిలర్ డిస్‌ప్లేలోని గుర్తు చెబుతుంది. పంపు తిరుగుతుంటే దాని ఒంటి మీద చెయ్యి వేసినప్పుడు సన్నగా అదురు తెలుస్తుంది. చేత్తో తాకేటప్పుడు జాగ్రత్త అవసరం, బాయిలర్ నుంచి బయల్దేరే పైపు 80 డిగ్రీల దాకా ఉండొచ్చు.

మంట ఆరుతూ వెలుగుతూ ఉంటే సంకేతం ఎక్కడినుంచో వస్తున్నట్టే. మంట లేదు, పంపు మాత్రం గంటల తరబడి తిరుగుతోందంటే ఆ ఆలస్యపు పంపును నడిపే కంట్రోల్ ఇరుక్కుపోయి ఉండాలి, లేదా బయటి చలికి మంచు రక్షణ మోడ్ మేల్కొని ఉండాలి. రెండూ ఆగిపోయి మేడ మీది రేడియేటర్లు మాత్రం వెచ్చగా ఉంటే అది నీళ్ల సహజ ప్రవాహం. ఇక ఈ పరీక్షలో అంతా సరిగ్గా ఆగిపోయి, హాట్ వాటర్ ఒక్కటే ఆన్ చేసినప్పుడు రేడియేటర్లు కూడా వేడెక్కుతున్నాయనుకుందాం. అప్పుడు థర్మోస్టాట్‌కు ఏ పాపమూ తెలియదు. దారి మళ్లించాల్సిన వాల్వ్ సరిగ్గా మూసుకోవడం లేదు.

లోపం కాని లోపాలు

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, గంటల కొద్దీ వెతికాక టైమర్‌లో తప్పుడు సెట్టింగ్ బయటపడటం కొత్తేమీ కాదు. కరెంటు పోయి వచ్చాక గడియారం పన్నెండు గంటలు అటూ ఇటూ అయిపోతే, పగలు నడవాల్సిన హీటింగ్ అర్ధరాత్రి నడుస్తుంది. ‘ఎప్పుడూ ఆన్’ అనే స్థానంలో వదిలేసిన టైమర్లు కూడా ఎక్కువే. స్మార్ట్ థర్మోస్టాట్లలో ఇంకో తిరకాసు ఉంది. ఉదయం ఏడింటికి 20 డిగ్రీలు కావాలని పెడితే, కొన్ని మోడళ్లు ఇల్లు వేడెక్కడానికి పట్టే సమయం లెక్కేసుకుని ముందే మొదలుపెడతాయి. వాటిలో ఆఫ్ అంటే కూడా పూర్తిగా ఆఫ్ కాదు. పైపులు గడ్డకట్టకుండా 5 డిగ్రీల దగ్గర కాపలా కాయడమని అర్థం.

గది అడిగిన వేడికి దగ్గరపడ్డాక కూడా బాయిలర్ కాసేపు వెలిగి కాసేపు ఆరడం మరో అనుమానానికి దారి తీస్తుంది. ఇప్పటి డిజిటల్ థర్మోస్టాట్లు చాలావరకు గంటకు కొన్నిసార్లు చొప్పున చిన్న చిన్న విడతలుగా వేడిని అడుగుతాయి. గది వేడి ఒక్కసారిగా పైకి పోయి ఒక్కసారిగా పడిపోకుండా ఉండటానికి ఆ పద్ధతి. ఇది ‘ఆగకపోవడం’ కిందికి రాదు. బయటి గాలిలోనో నేలలోనో ఉన్న వేడిని లోపలికి లాగే హీట్ పంపు ఉన్న ఇళ్లలోనైతే రేడియేటర్లు గోరువెచ్చగా రోజంతా ఉండటమే సరైన నడక. తక్కువ వేడితో ఎక్కువసేపు నడిస్తేనే దానికి కరెంటు కలిసొస్తుంది. నేల కింద పైపులున్న అండర్‌ఫ్లోర్ హీటింగ్‌లో కాంక్రీటు పీల్చుకున్న వేడి ఆఫ్ చేశాక కూడా గంటల పాటు పైకి వస్తూనే ఉంటుంది. దాన్ని ఆపే స్విచ్ ఎవరి దగ్గరా లేదు.

ట్యాంకు లేకుండా రేడియేటర్లకూ కుళాయికీ తానే నీళ్లు కాచే కాంబి బాయిలర్ ఉంటే మరొకటి చూడాలి. కుళాయి తిప్పగానే వేడినీళ్లు రావాలని లోపలి నీళ్లను ముందే వెచ్చగా ఉంచే ప్రీహీట్ సౌకర్యం కొన్నిటిలో ఉంటుంది. ఎవరూ ఏమీ వాడకపోయినా మధ్యమధ్య మంట కాసేపు వెలిగి ఆరుతుంది. ఆ సమయంలో రేడియేటర్లు చల్లగానే ఉంటే కంగారు అక్కర్లేదు, ప్రీహీట్‌ను ఆఫ్ చేసుకుంటే సరిపోతుంది.

ఎక్కువసార్లు దొరికిపోయేది వాల్వే

నీళ్ల ట్యాంకు విడిగా ఉండే ఇళ్లలో, హీటింగ్‌కు ఒకటి, హాట్ వాటర్‌కు ఒకటిగా మోటారు వాల్వులు ఉంటాయి. పైపు మీద కూర్చున్న అరచేతి వెడల్పు రేకు డబ్బా ఇది. చాలా ఇళ్లలో ట్యాంకు పక్కన అల్మరాలో, దుప్పట్ల వెనక, ఎవరి కంటికీ ఆనకుండా ఉంటుంది. హీటింగ్ ఆగడం లేదని పిలిచిన అనుభవమున్న మెకానిక్ థర్మోస్టాట్ వైపు చూడకుండా నేరుగా ఆ అల్మరా తలుపు తీస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

డబ్బా లోపల ఒక చిన్న మోటారు, పళ్ల చక్రాలు, ఒక స్ప్రింగు, ఒక మైక్రోస్విచ్ (కొద్దిగా నొక్కితే చాలు కలిసే చిన్న స్విచ్) ఉంటాయి. చాలా రకాల్లో దాని వైర్ల రంగులు ఒకే తీరుగా ఉంటాయి. థర్మోస్టాట్ వేడి అడిగినప్పుడు గోధుమ రంగు వైరుకు కరెంటు వస్తుంది. మోటారు స్ప్రింగుకు ఎదురు తిరిగి వాల్వును తెరుస్తుంది. పూర్తిగా తెరుచుకునే చోట అది మైక్రోస్విచ్‌ను నొక్కుతుంది. అప్పుడు బూడిద రంగు వైరులో ఎప్పుడూ ఉండే కరెంటు నారింజ రంగు వైరులోకి దాటుతుంది. బాయిలర్‌నూ, పంపునూ నడిపేది ఆ నారింజ వైరే. అంటే థర్మోస్టాట్ బాయిలర్‌తో నేరుగా మాట్లాడదు. అది వాల్వుకు చెబుతుంది, వాల్వు బాయిలర్‌కు చెబుతుంది. కొత్త థర్మోస్టాట్ పెట్టినా పరిస్థితి మారకపోవడానికి ఇదే అసలు కారణం.

థర్మోస్టాట్ ఆగిపోయాక గోధుమ వైరులో కరెంటు ఆగిపోతుంది, స్ప్రింగు వాల్వును వెనక్కి లాగి మూస్తుంది, మైక్రోస్విచ్ విడిపోతుంది. ఇక్కడ రెండు రకాలుగా చెడిపోవచ్చు. స్ప్రింగు నీరసపడటమో, పళ్ల చక్రం ఇరుక్కోవడమో, లోపలి బంతి తుప్పుకూ మడ్డికీ బిగుసుకోవడమో జరిగితే వాల్వు తెరిచే ఉండిపోతుంది. అప్పుడు నీళ్లకూ దారి ఉంటుంది, బాయిలర్‌కూ సంకేతం ఉంటుంది. రేడియేటర్లు నిరంతరం మండిపోతాయి. రెండో రకం కాస్త మోసపూరితమైనది. వాల్వు చక్కగా మూసుకుంటుంది గానీ మైక్రోస్విచ్ కొనలు కరిగి అతుక్కుపోయి ఉంటాయి. నారింజ వైరులో కరెంటు ఆగదు. బాయిలర్, పంపు మూసిన వాల్వుల మీదికే నీళ్లు తోస్తాయి. ఆ నీళ్లు బైపాస్ అనే అడ్డదారి పైపు గుండా తిరిగి వస్తాయి, బాయిలర్ తన గరిష్ఠ వేడికి చేరి ఆరిపోతుంది, చల్లబడి మళ్లీ వెలుగుతుంది. రేడియేటర్లు చల్లగా ఉన్నా గ్యాస్ ఖర్చవుతూనే ఉంటుంది. ఇక్కడ దోషి హాట్ వాటర్ వాల్వు కూడా కావచ్చు, ఎందుకంటే రెండు వాల్వుల నారింజ వైర్లూ ఒకే చోట కలుస్తాయి.

ఇంట్లోవాళ్లే చేసి చూడగల ఒక పరీక్ష ఉంది. డబ్బా పక్కన బయటికి పొడుచుకొచ్చిన చిన్న లివర్ ఉంటుంది. అన్నీ ఆఫ్ చేసి ఉన్నప్పుడు దాన్ని వేలితో మెల్లగా తోయాలి. వాల్వు మూసి ఉంటే స్ప్రింగు బిగువు వేలికి తెలుస్తుంది, వదిలితే మెల్లగా వెనక్కి పోతుంది. వాల్వు తెరిచి ఉంటే లివర్ ఏ అడ్డూ లేకుండా వదులుగా అటూ ఇటూ ఊగుతుంది. అన్నీ ఆఫ్‌లో ఉండగా లివర్ వదులుగా ఉందంటే వాల్వు తెరిచే ఉండిపోయినట్టు. లివర్‌ను కదిలించగానే లోపల టిక్కుమని చప్పుడై బాయిలర్ ఆగిందంటే ఇక వెతకాల్సిన పని లేదు. కొన్నిసార్లు ఆ లివర్ గాడిలో తగిలించి ఉంటుంది. సిస్టమ్‌లో నీళ్లు నింపేటప్పుడు వాల్వు తెరిచి ఉంచడానికి ఎవరో అలా పెట్టి మరిచిపోయి ఉంటారు. చాలా మోడళ్లలో మోటారు ఒక్కసారి నడిస్తే అది దానంతటదే విడిపోతుంది.

బ్రిటన్ ఇళ్లలో ఎక్కువగా కనిపించే మూడు దారుల వాల్వు ఇంకొంచెం చిక్కుముడి. ఒకే వాల్వు మూడు స్థానాల్లో నిలబడుతుంది: హాట్ వాటర్, రెండూ, హీటింగ్ ఒక్కటే. కరెంటు ఏమీ లేనప్పుడు స్ప్రింగు దాన్ని హాట్ వాటర్ వైపు ఉంచుతుంది. హీటింగ్ అయిపోయాక కూడా కొన్ని పరిస్థితుల్లో మోటారు ఆగినచోటే బిగబట్టుకుని నిలబడటం దీనికి మామూలే. అప్పుడు డబ్బా వెచ్చగా తగులుతుంది, అదేమీ లోపం కాదు. లోపం ఉంటే దాని లక్షణం వేరు. హాట్ వాటర్ ఒక్కటే అడిగినా వాల్వు మధ్యలో ఇరుక్కుని రేడియేటర్లకూ నీళ్లు వదులుతుంది. వేసవిలో స్నానానికి నీళ్లు కాచుకున్న ప్రతిసారీ పడకగది కూడా వేడెక్కుతోందంటే దీన్నే అనుమానించాలి. కాంబి బాయిలర్‌లో ఈ పనే చేసే డైవర్టర్ వాల్వు బాయిలర్ కడుపులో ఉంటుంది. కుళాయి తిప్పినప్పుడు రేడియేటర్ పైపు వేడెక్కితే అది లీకవుతున్నట్టు. ఆ మూత తీసే పని మాత్రం లైసెన్స్ ఉన్న గ్యాస్ టెక్నీషియన్‌దే. బ్రిటన్‌లోనైతే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే చేయాలి.

చాలా వాల్వుల్లో పై డబ్బాను మాత్రం విప్పి మార్చవచ్చు, నీళ్లు ఖాళీ చేయాల్సిన పని ఉండదు. డబ్బా తీశాక బయటపడే ఇరుసును వేళ్లతో తిప్పి చూడాలి. సులువుగా తిరిగితే లోపం డబ్బాలో ఉంది. మొరాయిస్తే వాల్వు ఒంటినే మార్చాలి, అప్పుడు నీళ్లు దించక తప్పదు. ఇరుసు బిగుసుకుని ఉండగా కొత్త డబ్బా తగిలిస్తే దాని మోటారు కూడా కొన్నాళ్లకే చేతులెత్తేస్తుంది.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన ఒక మాట. థర్మోస్టాట్‌ను, టైమర్‌ను ఆఫ్ చేసినా వాల్వులో కరెంటు ఉంటూనే ఉంటుంది. బూడిద వైరులో 230 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, రెండో వాల్వు నుంచి నారింజ వైరులోకి కూడా రావచ్చు. డబ్బా విప్పేముందు హీటింగ్ మొత్తానికీ ఉన్న ఫ్యూజ్ స్విచ్‌ను ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో నిర్ధారించుకోవాలి. వైరింగ్ అలవాటు లేనివాళ్లు లివర్ పరీక్ష దగ్గరే ఆగిపోవడం మంచిది.

థర్మోస్టాట్, రిలే, మరిచిపోయిన లింకు

వాల్వు నిర్దోషి అని తేలాక థర్మోస్టాట్ వంతు. తిప్పినప్పుడు టిక్కుమందంటే పనిచేస్తోందని అందరూ నమ్ముతారు. ఆ చప్పుడు లోపలి భాగం కదిలిందనే చెబుతుంది. కొనలు అతుక్కుపోయి ఉంటే చప్పుడు వచ్చినా కరెంటు తెగదు. వైర్‌లెస్ థర్మోస్టాట్లలో, సిగ్నల్ అందుకునే రిసీవర్ పెట్టెలోని రిలేకు (కరెంటుతో కదిలే స్విచ్‌కు) ఈ జబ్బు వస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలిక, రిసీవర్ మీది లైటు చూస్తే చాలు. థర్మోస్టాట్ తగ్గించినా లైటు వెలుగుతూనే ఉంటే సమస్య థర్మోస్టాట్‌లోనో, రెంటి మధ్య సిగ్నల్‌లోనో, బ్యాటరీలోనో ఉంది. ఎవరైనా రిసీవర్ మీది మాన్యువల్ బటన్ నొక్కి వదిలేసినా ఇలాగే ఉంటుంది. లైటు ఆరినా బాయిలర్ నడుస్తుంటే ఆ రిలేలోనో, రిసీవర్ తర్వాతి భాగంలోనో వెతకాలి.

కొత్త థర్మోస్టాట్ పెట్టిన రోజు నుంచే హీటింగ్ ఆగడం మానేసిందంటే కారణం దాదాపు ఖాయం. చాలా బాయిలర్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు థర్మోస్టాట్ టెర్మినళ్ల మధ్య ఒక చిన్న లింకు వైరుతో వస్తాయి. థర్మోస్టాట్ లేకపోయినా బాయిలర్ నడవడానికి ఆ ఏర్పాటు. థర్మోస్టాట్ తగిలించేటప్పుడు దాన్ని తీసేయాలి. తీయకపోతే గోడ మీది పరికరం ఎంత ఖరీదైనదైనా అలంకారమే.

హీటింగ్ ఆగుతుంది గానీ అడిగినదానికన్నా రెండు మూడు డిగ్రీలు పైకి పోయాక ఆగుతుందనే ఫిర్యాదు వేరే రకం. పాతకాలపు ద్విలోహ పట్టీ థర్మోస్టాట్లలో ఆ పట్టీని కొంచెం ముందే వెచ్చబరిచే చిన్న రెసిస్టర్ ఉంటుంది, దాని వల్ల గది వేడి హద్దు దాటకముందే స్విచ్ తెగుతుంది. ఆ రెసిస్టర్‌కు న్యూట్రల్ వైరు కావాలి. కలపకపోయినా థర్మోస్టాట్ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, ఆగడం మాత్రం ఆలస్యమవుతుంది. థర్మోస్టాట్ వెనక వైరు వచ్చే రంధ్రం గుండా గోడలోని చల్లగాలి తగులుతున్నా, అది ఎప్పుడూ గాలి కొట్టే నడవాలో ఉన్నా, గది ఉడికిపోతున్నా దానికి చలిగానే అనిపిస్తుంది.

కొలిచేటప్పుడు మీటర్ కూడా తప్పుదారి పట్టించగలదు. గోడల్లో పక్కపక్కనే పోయే పొడవైన వైర్లలో, ఆగిపోయిన వైరు మీద కూడా డిజిటల్ మీటర్ పదుల వోల్టులు చూపిస్తుంది. పక్క వైరు ప్రభావంతో పుట్టిన ఆ వోల్టేజీకి బలం ఉండదు, చిన్న బల్బును కూడా వెలిగించలేదు. టెస్టర్ స్క్రూడ్రైవర్ వెలిగిందని మంచి వైరును తవ్వి తీసినవాళ్లు ఉన్నారు.

నీళ్లు తమంతట తాము నడిచే చోట

పంపు ఆగినా వేడినీళ్లు తేలికై పైకి ఎక్కుతాయి, చల్లనివి కిందికి దిగుతాయి. పైపులు లావుగా ఉన్న పాత సిస్టమ్‌లలో, అడ్డుకునే వాల్వు లేకపోతే, మేడ మీది రేడియేటర్లు ఈ ప్రవాహంతోనే వెచ్చబడతాయి. కొన్నిసార్లు వేడి తిరుగు పైపు నుంచి ఎదురెక్కుతుంది. అందుకే రేడియేటర్‌కు ఏ చివర ముందు వేడెక్కుతోందో చూడాలి. దీనికి మందు ఎదురు ప్రవాహాన్ని ఆపే నాన్-రిటర్న్ వాల్వు లేదా పైపు కలిసే చోటు మార్చడం.

ఒక్క రేడియేటరే ఆగకపోతే సిస్టమ్‌ను తప్పుపట్టనక్కర్లేదు. దాని మీది థర్మోస్టాటిక్ వాల్వు తలలో ఉండే మైనమో ద్రవమో కారిపోతే అది మూసే శక్తి కోల్పోయి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. తల మార్చితే చాలు. తలను విప్పి పక్కన పెడితే రేడియేటర్ ఆగుతుందనుకోవడం పొరపాటు. కింది పిన్ను స్వేచ్ఛగా పైకి లేచి పూర్తిగా తెరుచుకుంటుంది. బాత్రూమ్‌లోని తువ్వాళ్ల రెయిలు కొన్ని ఇళ్లలో కావాలనే హాట్ వాటర్ లైనుకు కలిపి ఉంటుంది, కాబట్టి అది వేసవిలోనూ వేడెక్కుతుంది.

బొగ్గు, కట్టెల బాయిలరుంటే ఒక రేడియేటర్‌ను ఎప్పటికీ ఆపలేకుండా అమర్చి ఉంచుతారు. ఘన ఇంధనపు మంటను స్విచ్‌తో ఆర్పలేం. ఆ వేడి పోవడానికి దారి ఉండాలి, లేకపోతే నీళ్లు మరిగి ప్రమాదం. దానికి వాల్వు బిగించి ‘బాగు’ చేయడం అతి పెద్ద తప్పు. అదే కారణంగా అలాంటి ఇంట్లో పంపు స్విచ్‌ను ఆపేయడం కూడా కూడదు.

నీళ్లకు బదులు వేడిగాలి పంపే ఫర్నేస్ ఉన్న ఇళ్లలో ఈ వెతుకులాట చిన్నది. ముందు ఫ్యాన్ స్విచ్ ‘ఆటో’లో ఉందో లేదో చూడాలి. ‘ఆన్’లో ఉంటే మంట లేకపోయినా గాలి వస్తూనే ఉంటుంది. మంటే ఆగడం లేదంటే ఫర్నేస్ కరెంటు ఆపి, థర్మోస్టాట్‌ను గోడ నుంచి ఊడదీసి, వైర్లు ఒకదానికొకటి తగలకుండా ఉంచి మళ్లీ ఆన్ చేయాలి. మంట వెలగకపోతే తప్పు థర్మోస్టాట్‌ది. వెలిగితే 24 వోల్టుల ఎర్ర, తెల్ల వైర్లు గోడలో ఎక్కడో తొక్క ఊడి కలుసుకున్నట్టు, లేదా ఫర్నేస్ బోర్డులో రిలే అతుక్కుపోయినట్టు.

మెకానిక్ వచ్చేసరికి మాయమయ్యే లోపాలే అన్నిటికన్నా విసిగిస్తాయి. అరిగిన మైక్రోస్విచ్ ఒక రోజు అతుక్కుంటుంది, మర్నాడు తట్టగానే విడిపోతుంది. అలాంటప్పుడు హీటింగ్ ఆగని సమయంలోనే రిసీవర్ లైటును, వాల్వు లివర్ ఉన్న తీరును, బాయిలర్ డిస్‌ప్లేను ఫోన్‌లో ఫోటో తీసి ఉంచాలి. లైటు ఆరి ఉండి, లివర్ బిగువుగా ఉండి, మంట వెలుగుతూ కనిపించిన ఫోటో ఒక్కటుంటే, టెక్నీషియన్ మొదట విప్పాల్సినవి మైక్రోస్విచ్‌లే.